సివిల్ కేసనుకున్న సివిల్ వార్

సిగ్గుతో తల దించుకున్నవాళ్ళను మీరు చూసే ఉంటారు. నేను ఎంతగా దించుకున్నానంటే, ఆ రోజు కేరల్ గారింటి టేబుల్‌క్లాత్ మీద పూలరేకులు ఏ రంగువో ఇప్పటికీ చెప్పగలను. చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు మాత్రం అడక్కండి. చూస్తే కదా గుర్తుండేది! ఒక్క భోజనంలో రెండు యుద్ధాలు ఓడిపోయిన మహావీరుణ్ణి నేను. ఎలా ఓడానో వినండి.

కివీల దేశంలో దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్‌లో చదువు ముగించి, ఓ చిన్న అకౌంట్స్ ఆఫీసులో ట్రయల్ మీద చేరిన రోజులవి. ఉద్యోగం ఖాయమైతేనే వీసా, వీసా ఉంటేనే నేను. ఖాయం చేయాల్సింది మా మేనేజర్ కేరల్ గారు. ఆవిడ అమెరికన్. భర్త డెనిస్‌తో వచ్చి ఇక్కడే సెటిలయ్యారు. ట్రయల్ ముగియబోతుండగా జులై నాలుగు వచ్చింది. "మా స్వాతంత్ర్య దినం. మా నాన్న కూడా వచ్చారు. భోజనానికి రా ప్రసాద్" అని పిలిచారు.

ఆ సంగతి చెప్పగానే మా ఫ్లాట్‌లో ఉండే వరంగల్ రమేష్ కళ్ళు మెరిశాయి.

"ఊకె తిని వస్తవారా? లేచి వాళ్ళ హిస్టరీ మీద స్పీచ్ కొట్టు. మేడం ఫిదా అయితది, జాబ్ పక్కా!"

"నాకు అమెరికా చరిత్ర ఏం తెలుసురా?"

"ఫోన్ల వీడియోలుంటయి కదరా. పప్పు ఉడికేలోపట నేర్చుకోవచ్చు."

నేర్చుకున్నాను. రివల్యూషన్ మీద ఒక వీడియో, సివిల్ వార్ మీద ఒకటి, రెండూ రెట్టింపు వేగంతో. సరిగ్గా మధ్యలో కుక్కర్ కూసింది. ఆ రెండు యుద్ధాల మధ్యనున్న ఎనభై చిల్లర ఏళ్ళూ ఆ ఆవిరిలో కలిసిపోయాయి. అరకొర వైద్యుడు ఒక్క రోగినే చంపుతాడు. అరకొర చరిత్రకారుడు బతికున్నవాళ్ళను, చచ్చినవాళ్ళను కలిపి చంపుతాడు.

ఆ మధ్యాహ్నం బయట వడగళ్ళ వాన. లోపల వేయించిన కోడి, మొక్కజొన్న, యాపిల్ పై. నా పక్కన కేరల్ గారి నాన్న వాల్టర్, అమెరికా దక్షిణాది పెద్దాయన. ఎదురుగా డెనిస్, నల్లజాతి అమెరికన్, మెత్తగా మాట్లాడే మనిషి. వాళ్ళ మానాన వాళ్ళు తింటున్నారు. నన్నెవరూ మాట్లాడమనలేదు. అయినా గ్లాసు పట్టుకుని లేచాను.

"ఈ రోజు గొప్ప రోజు! ఉత్తరాది వీరులు దక్షిణాది వాళ్ళను చిత్తుగా ఓడించి, బ్రిటన్ రాజును తరిమేసి, స్వాతంత్ర్యం తెచ్చుకున్న రోజు! తెల్ల విగ్గు జనరల్, పొడుగు టోపీ ప్రెసిడెంట్ భుజం భుజం కలిపి పోరాడిన రోజు!"

ఫోర్కులు ఆగిపోయాయి. అది భక్తిశ్రద్ధలనుకున్నాను.

వాల్టర్ మెల్లగా గొంతు సవరించుకున్నారు. "బాబూ, మాది దక్షిణమే. మా ముత్తాతల్లో ఒకాయన ఆ యుద్ధంలోనే పోయాడు. ఆయన బ్రిటన్ రాజు కొలువులో ఉన్నట్టు మాకెవరూ చెప్పలేదే!"

అక్కడైనా కూర్చోవచ్చు కదా? బురదలో కాలు పడినవాడు ఆగుతాడు. నేను రెండో కాలు కూడా పెట్టాను.

"సారీ అంకుల్! అయినా అది సివిల్ వారే కదా. మా వైపు సివిల్ అంటే పొలం గట్టు తగాదా. క్రిమినల్ కాదు. అన్నదమ్ములు కోర్టు వాయిదాలకు తిరుగుతారు, బయటికొచ్చి కలిసి టీ తాగుతారు. అంతా ఆస్తి పంపకమే!"

డెనిస్ తన పళ్ళాన్ని కొంచెం ముందుకు జరిపారు.

"నిజమే ప్రసాద్, ఆస్తి తగాదాయే" అన్నారు, గొంతు పెంచకుండా. "ఆ ఆస్తిలో మా ముత్తవ్వ కూడా ఉంది."

మీరు నవ్వడం ఆపేశారా? నేనూ ఆపేశాను. ఈ దేశంలో కాలు జారితే వైద్యం సర్కారే చేయిస్తుంది. నోరు జారితే ఏ సర్కారూ రాదు. కుర్చీలో కూలబడ్డాను. టేబుల్‌క్లాత్ పూలతో నా పరిచయం అప్పుడే మొదలైంది.

"సారీ సర్" అన్నాను, ఆ పూలవైపే చూస్తూ.

"తెలియక అన్నావు. ఇప్పుడు తెలుసుకో" అన్నారు డెనిస్. "మొదటిది సముద్రం అవతలి రాజును వదిలించుకుని కొత్త ప్రభుత్వం పెట్టుకోవడం. అందుకే రివల్యూషన్ అన్నారు. నిజానికి అందులోనూ పక్కింటివాళ్ళు పక్కింటివాళ్ళను కొట్టుకున్నారు. రాజు కావాలన్నవాళ్ళు చాలామంది కెనడా పారిపోయారు. రెండోది బానిసత్వం ఉండాలా వద్దా అని ఒకే ఇల్లు రెండుగా చీలడం. విడిపోతామన్నవాళ్ళు తమదీ రివల్యూషనే అనుకున్నారు. ఓడిపోయారు, పేరు సివిల్ వార్‌గా నిలిచింది. కానీ మావాళ్ళకు అసలు రివల్యూషన్ ఆ రెండోదే. మొదటిసారి కాగితం మీద రాసిన స్వేచ్ఛలో మేము లేము."

"మా ముత్తాత తప్పు వైపున పోరాడాడు" అన్నారు వాల్టర్, కిటికీ వైపు చూస్తూ. "ఆ మాట పైకి అనడానికి నాకు ఈ అల్లుడు దొరికేదాకా పట్టింది."

డెనిస్ మామగారి పళ్ళెంలో ఒక యాపిల్ పై ముక్క వేశారు. తర్వాత నా పళ్ళెంలోనూ వేశారు. తల ఎత్తకుండానే తిన్నాను.

సోమవారం కేరల్ గారు గదిలోకి పిలిచారు. సామాను సర్దుకోమంటారనుకుని వెళ్ళాను.

"ఉద్యోగం ఖాయం. ఆ సంగతి భోజనానికి ముందే పైవాళ్ళకు చెప్పేశాను" అన్నారు.

అంటే ఆ స్పీచ్ అవసరమే లేదన్నమాట! నా ముఖం చూసి ఆవిడ నవ్వు ఆపుకున్నారు. "ఫిబ్రవరిలో ఈ దేశపు జాతీయ దినం వైటాంగి డేకి మా పక్కింటి మావోరి మూలవాసుల కుటుంబం భోజనాలు పెడుతుంది. డెనిస్ నిన్ను తీసుకురమ్మన్నారు."

"తప్పకుండా మేడం! ఈలోగా ఇక్కడి చరిత్ర చదివి..."

"ప్రసాద్! నువ్వు ఉత్త చేతులతో రా, పర్లేదు. ఉత్త నోటితో మాత్రం రాకు. దారిలోనే ఏదైనా కుక్కుకుని రా."

అందుచేత పాఠకులారా, దక్షిణ ధ్రువం మీంచి వీచే ఈ చలిగాలి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. అందులో ఎవరి ముత్తవ్వ ఉందో అడగకుండా, ఒకరింటి యుద్ధానికి నేను ఇక పేరు పెట్టను. ఏ భోజనంలోనైనా లేచి రెండు ముక్కలు మాట్లాడమంటే, కూర్చునే రెండు ముక్కలు వడ్డించుకుంటాను.