శనివారం ఇంట్లో ఉండం

మా ఆయన తన పాత స్కూటర్‌ను అమ్మకానికి ఫోన్‌లో పెట్టారు. ఏళ్ళ తరబడి ప్రతి శనివారం సాయంత్రం మేమిద్దరం సత్సంగానికి వెళ్ళింది దాని మీదే. ఆయన కాళ్ళ దగ్గర కొబ్బరికాయల సంచి, నా ఒడిలో ప్రసాదం గిన్నె. ఇప్పుడు ఆయన మోకాళ్ళు కిక్కు కొట్టనివ్వడం లేదు.

ఫొటోల కోసం స్కూటర్‌ను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, గేటు ముందు నిలబెట్టారు. ఇంటి నంబరు, బండి నంబరు రెండూ చక్కగా పడ్డాయి. కింద ఫోన్ నంబరుతో పాటు ఇలా రాశారు: "శనివారం సాయంత్రం ఇంట్లో ఎవరమూ ఉండం, భజనకు పోతాం. దయచేసి అప్పుడు రావద్దు."

హనుమకొండలో ఉండే మా అమ్మాయి అది చూసి వెంటనే ఫోన్ చేసింది.

"బాపూ, దొంగలకు టైం టేబుల్ ఇచ్చినవా? ఇంటి తాళంచెవి యాడ పెడ్తవో గూడ రాయకపోయినవ్!"

"రాయలేదు బిడ్డా. ఫోన్ల ఒకాయన అడిగితే చెప్పిన. తులసి గద్దె ఎనుక గోడకు మొల ఉంటది, దానికి తగిలిస్తమని."

"కొనేటోనికి ఆ ముచ్చటెందుకు?"

"అబద్ధమాడమంటవా?"

ఆ మాటకు నేనే అడ్డుపడ్డాను. "సత్సంగంల నిజం చెప్పుమన్నరు గని, అడిగినోనికల్లా ఇంటి గుట్టు చెప్పుమన్లేదయ్యా."

ఆయన ముఖం చిన్నబోయింది. అమ్మాయి ఫోన్‌లోనే ఒక్కొక్కటీ చెప్పి ప్రకటన తీయించింది. కానీ తాళంచెవి చోటు మార్చినా, ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో ఆ ఫోన్ చేసినవాడికి తెలిసిపోయింది కదా! శనివారం ఉదయం ఆయన నెమ్మదిగా అన్నారు: "నువ్వు పో. నేను ఇంటికి కావలుంట."

జ్వరంలో కూడా భజన మానని మనిషి. ఆ మాట వినలేక మా సత్సంగం పెద్దకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను.

"బావ లేకుంటే పాట ఎవరెత్తుకుంటరు చెల్లే? మేమే అస్తం మీ ఇంటికి," అన్నాడాయన నవ్వుతూ.

సాయంత్రానికి మా వాకిలి నిండా చెప్పులే. మా ఆయన కళ్ళు మూసుకుని పాడుతున్నారు. రెండో పాట మధ్యలో ఇద్దరు యువకులు బైకు మీద వచ్చి గేటు దగ్గర ఆగారు. ఆ చెప్పులను, లోపలి జనాన్ని చూసి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాట అయిపోగానే ఆయన పులిహోర తీసుకుని వాళ్ళకు ఎదురెళ్ళారు.

"రాండ్రి బిడ్డా, స్కూటర్ కోసమేనా?"

"కాదు పెద్దాయనా. అడ్రస్ తప్పినం."

అయినా నిలబడే తిన్నారు. వాళ్ళలో ఒకడు హారతి కళ్ళకద్దుకున్నాడు.

అందరూ వెళ్ళాక మాకు వాదన మొదలైంది.

"అడ్రస్ తప్పిన పోరగాళ్ళను దొంగలంటవా?"

"తప్పినోళ్ళయితే అడ్రస్ అడుగుతరు గదయ్యా. వీళ్ళడిగిన్రా?"

ఆయన ఖాళీ పులిహోర గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళారు. నాకూ ఖాయంగా తెలియదు. ఎవరైనా కానీ, ఆ ఇద్దరినీ ఆ రోజు నుంచి నా ప్రార్థనలో కలుపుకున్నాను.

మరునాడు అమ్మాయి వచ్చి కొత్త ప్రకటన రాసింది. ఊరి పేరుందిగానీ ఇల్లు లేదు, నంబరు ప్లేటు కనబడదు. ఆయన పక్కన కూర్చుని "ఇది రాయొచ్చా బిడ్డా? ఇది?" అని ప్రతి ముక్కా అడుగుతున్నారు. చివరకు ఉండబట్టలేక అన్నారు:

"ఎనుక బ్రేకు జర వదులున్నదని రాయి. కొనేటోనికి అది తెల్వాలె."

"రాయి బిడ్డా," అన్నాను నేను కూడా.