సంపూర్ణమ్మ కుడిచెయ్యి

కోనసీమలో జీడిపిక్కలు కొట్టే ముసలి సంపూర్ణమ్మ చేతులకు ఆముదం రాసుకోనిదే సుత్తి ముట్టదు. ఓడల రంగుల్లోకీ లారీ బ్రేకుల్లోకీ వెళ్లే జీడినూనె, పిక్క పెంకులోంచి చిమ్మి చర్మాన్ని కాల్చేది, అంతకన్నా ముందే ఆమె బొటనవేలి గీతలు సగం చెరిపేసింది. ఆ వేలిముద్ర మిషను మీద పడితేనే పింఛను. అందుకే జీడినూనె మీద పరిశోధన చేసే వినీల రాజమండ్రి నుంచి వచ్చి చేతుల ఫొటో అడిగేసరికి, కుడిచేతిని కొంగులో దాచేసింది.

"ఎడంది తీసుకోండి. కుడిది చూపిస్తే పింఛను ఆపించేస్తారు."

"నేను గవర్నమెంటు మనిషిని కాదండి మామ్మగారూ."

"అందరూ అలాగే అంటారు లెండి."

వినీల నవ్వి, తనూ ఒక పిక్క కొట్టింది. పెంకులోని నూనె చివ్వున ఆమె వేళ్ల మీద చిమ్మింది.

"అయ్యో తల్లీ, బొబ్బలెక్కుద్ది!" అంటూ సంపూర్ణమ్మ రెండు చేతులతోనూ ఆముదం పట్టించేసింది. పట్టించాక బయటపడ్డ తన కుడిచేతిని చూసుకుని, గబుక్కున మళ్లీ కొంగు కప్పింది.

"ఫొటో తియ్యలేదు కదా?"