సముద్రం అడుగును చూసి కుళ్ళుకున్న

నాకు రాసుడు సరిగ రాదు. అయినా బస్సుల కలిసిన కాలేజి పిల్ల గురించి రాస్తున్న, ఆమెను మర్సిపోలే.

జనగామల బస్సెక్కితె ఆ పిల్ల నా పక్క సీట్ల కూసోని పేపర్ చదువుతాంది. “అక్కా, ఎవ్వలది కాని సముద్రం అడుగున గనులు తవ్వకుండ ఏదో దేశపోళ్లు వాళ్ల కంపెనీలకు చట్టం తెస్తున్నరట,” అన్నది.

“ఆడ ఎవలుంటరు?”

“కండ్లు లేని పురుగులట. తవ్వితె వాటి ఇండ్లు పోతయట.”

నాకు మా ఇల్లు యాదికొచ్చింది. భూపాలపల్లి దిక్కు మా ఊరి పక్కన బొగ్గుగనిల రోజు మందు పెట్టి పేలుస్తరు. ఆ అదురుకు మా ఇంటి గోడ పగిలింది. పగులు పెరుగుతాందా అని దానికి అడ్డం కాయితం అతికిచ్చి చూస్తం; చినిగితె పెరిగినట్టు.

“ఆ పురుగులు పెట్టి పుట్టినయి చెల్లె,” అన్న.

మా గోడ సంగతి చెప్తె ఆ పిల్ల ఇన్నది. ఆ వార్త చింపి నా చేతుల పెట్టింది.

ఇంటికొచ్చి దాన్నే పగులుకు అతికిచ్చిన. తెల్లారి గనిల పేల్చంగనే ఆ వార్త నడిమికి చినిగింది.