ఖాకీ బొంత మీద రేపల్లె రోడ్డు

మా నాన్న బస్సు డ్రైవరు. ఆయన ఉద్యోగమంతా తెనాలి–రేపల్లె రోడ్డు మీదే గడిచింది. ఈ ఏడాది రిటైరవుతారనగా, రేపల్లెలో అమ్మ ఆయన పాత ఖాకీ చొక్కాలు, ప్యాంట్లు మూటగట్టి, వీధిలోకొచ్చే స్టీలు సామాన్లవాడికి వేసేద్దామని గుమ్మం పక్కన పెట్టింది. వాళ్లను చూసిపోదామని వెళ్లిన నేను ఆ మూట అడిగి తెనాలి తెచ్చుకున్నాను. ఏం చేస్తావని అమ్మ అడిగితే ఇల్లు తుడవడానికన్నాను. అప్పటికే నా బుర్రలో బొంత తయారైపోయింది.

బాపట్లలో ఉండే అక్కకు ఫోన్లో చెప్పానో లేదో, ఆదివారం పొద్దున్నే రైలు దిగి వచ్చేసింది. ఖాకీని జానెడేసి ముక్కలుగా కత్తిరించి జోడించాం. లోపల అమ్మ పాత నేత చీరలు పరిచి, అడుగున దుప్పటి వేశాం. ముక్కలు జోడించేంతవరకు మిషను బాగానే నడిచింది. పొరలన్నీ కలిపి కుట్టబోయేసరికి మొరాయించింది. ప్యాంట్ల పక్కకుట్లున్న ముక్కలు పారేయబుద్ధికాక అవీ వాడాం. అవి కలిసేచోట మడత మీద మడత పడి బొంత అట్టలా బిగుసుకుపోయింది. అక్కడ సూది టక్కున విరిగింది. ఇంకోటి పెడితే అదీ విరిగింది.

చేత్తో కుట్టేద్దామంది అక్క. ఇంట్లో ఉన్న చిన్న సూది వంగిపోయింది. గోనెసంచుల దబ్బనంతో పొడిస్తే బట్టకు పెద్ద కన్నం పడింది. చివరికి మా వీధిలో పరుపులు కుట్టే ఆయన్ని అడిగి పొడుగాటి సూది తెచ్చాను. తర్వాతి ఆదివారం అక్క దారం తెచ్చింది. ఆమె అత్తగారిది చీరాల దగ్గర నేతపని చేసుకునే ఇల్లు. మగ్గం దగ్గర మిగిలిన ఎర్ర నూలును పేటలు కలిపి పురిపెట్టి, మైనం రాసి ఇచ్చారట.

మామూలుగా కుట్టినట్టు సూదిని ఏటవాలుగా దించి పైకి తీస్తే మడతల్లో ఇరుక్కుపోతోంది. అందుకని పైనుంచి నిలువుగా గుచ్చి కిందికి పూర్తిగా లాగేశాం. మళ్లీ కిందనుంచి నిలువుగా పైకి తీశాం. జారిపోకుండా సూదిని సైకిలు ట్యూబు ముక్కతో పట్టుకున్నాం. అలా మందపు అతుకును దాటి మొదటి కుట్టు పైకొచ్చింది. గోరంత పొడుగున, ఖాకీ మీద ఎర్రగా మెరుస్తోంది. ఇద్దరం చిన్నపిల్లల్లా ఒకరి చేతులొకరం పట్టేసుకున్నాం. ఆ హుషారులో పొయ్యి మీద పప్పు సంగతి మాడు వాసన వచ్చేదాకా గుర్తులేదు.

కానీ అతుకు దాటినచోటల్లా వరస పక్కకు జరిగింది. నేను విప్పేయబోయాను.

"ఉండవే, విప్పకు," అంది అక్క. "భట్టిప్రోలు దగ్గర నాన్న బస్సు తిప్పినట్టు లేదూ?"

వెంటనే ఫోన్లో మ్యాపు తెరిచాం. తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె దాకా బొంత మీద సుద్దముక్కతో రోడ్డు గీశాం. రోడ్డంతా పెద్దపెద్ద ఎర్ర కుట్లు. ఆగే ప్రతి ఊరికీ ఒక ఇంటూ గుర్తు. కాలవలొచ్చినచోట అలల్లా నీలిదారం. ఇక అక్క ప్రతి ఆదివారం వచ్చేది. మిగతా రోజుల్లో నేను బడిలో పాఠాలు చెప్పి రాగానే చెప్పులు విప్పి తిన్నగా బొంత దగ్గరకే వెళ్లేదాన్ని. చూపుడువేలు కాయకాసింది. ఐనా ఎప్పుడు సాయంత్రమవుతుందా అని ఉండేది.

రిటైరైన రోజు రేపల్లె ఇంటిముందు షామియానా వేశారు. నాన్నతో పనిచేసినవాళ్లు దండలు వేశాక, అక్కా నేనూ చెరో కొసా పట్టుకుని బొంత విప్పాం. నాన్న కళ్లజోడు పెట్టుకుని తెనాలి దగ్గర వేలు ఆనించి, కుట్ల మీదుగా మెల్లగా నడిపారు. వేమూరు దాటాక వేలు ఆగింది.

"ఇక్కడ స్టాపు పెట్టలేదేంటమ్మా?"

అక్కడ స్టాపేమీ లేదన్నాను. బోర్డు మీద లేదులే అంటూ ఆయన చెప్పడం మొదలుపెట్టారు. మేం పుట్టకముందు, పెళ్లైన కొత్తలో, వాళ్లు ఆ రోడ్డు పక్కనే అద్దెకుండేవారట. మధ్యాహ్నం అమ్మ క్యారేజీ పట్టుకుని రోడ్డు మీద నిలబడేదట. ఆయన బస్సు నెమ్మది చేసి కిటికీలోంచి అందుకునేవారట. ఒకరోజు అమ్మ కనిపించకపోతే, ఇంకాసేపు ఆగమని ప్రయాణికులే అన్నారట.

"అందరి ముందూ ఇప్పుడెందుకండీ అది," అంది అమ్మ. కానీ మొహం నిండా నవ్వే.

నాన్న సూది అడిగారు. సంచిలోంచి తీసి ఎర్రదారం ఎక్కించి ఇచ్చాను. ఆయన వేలు పెట్టినచోటే ప్యాంటు అతుకుంది. స్టీరింగు తిప్పిన చేతులైనా సూది సగం దిగి ఆగిపోయింది. అప్పుడు అమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి, బొంత కింద చెయ్యి పెట్టి సూది మొన పట్టుకుని లాగింది. మళ్లీ కిందనుంచి గుచ్చి ఆయనకు అందించింది. ఇద్దరూ కలిసి ఇంటూ గుర్తు పూర్తిచేశారు. అది మిగతావాటికన్నా పెద్దది, కాస్త వంకర. షామియానా కింద అందరూ చప్పట్లు కొట్టారు. ఆ క్యారేజీల్లో ఏం కూరలుండేవని ఎవరో అడిగితే, అమ్మ ఒక్కోటీ చెప్పుకుంటూ పోయింది.