మా మేడం చేయించిన రెండో పిడి

మా పి.టి. మేడం ఇక లేరు. మొన్న తెల్లవారేలోపు, సారపాకలో అన్నగారింట్లో, నిద్రలోనే పోయారు. ఆ ఫోన్ వచ్చేసరికి నేను మా బోటులో నిలిచిన వాన నీళ్లు డబ్బాతో తోడి పోస్తున్నాను. వాళ్ల అన్నయ్య ఎక్కువ మాట్లాడలేదు. "చెల్లె పోయిందమ్మా. నువ్వు, మీ ఆయన రావాలె," అని పెట్టేశారు. కాసేపు ఏం చేయాలో తోచక మళ్లీ నీళ్లే తోడాను. తోడుతున్నది ఎందుకో కూడా గుర్తు లేదు.

ఏన్కూరు చుట్టుపక్కల బళ్లలో చదువుకున్నవాళ్లు ఎవరైనా ఈ నాలుగు మాటలూ చదువుతుంటే, ఆమె మీకు ఈపాటికే కళ్ల ముందు నిలిచి ఉంటారు. మెడలో విజిల్, నడుముకు బిగించిన కొంగు, చీర కింద తెల్ల కాన్వాస్ బూట్లు. ఇంటర్వెల్‌లో జామకాయ కొరుకుతూ గ్రౌండంతా ఒక చుట్టు తిరిగేవారు. కుడిచేతికి చిటికెన వేలూ ఉంగరపు వేలూ లేవు. ఆ చేత్తోనే విజిల్ పట్టుకునేవారు, ఆ చేత్తోనే చెవి మెలేసేవారు. వేళ్లేమయ్యాయని ధైర్యం చేసి అడిగితే, "గోదారి కాడ పెట్టొచ్చిన. అడిగి తెచ్చుకోవాలె," అనేవారు. నవ్వుతూ అన్నారో లేదో మాకు తెలిసేది కాదు.

తాడు లాగే పోటీ పెట్టినప్పుడు మాత్రం ఆమె వేరే మనిషైపోయేవారు. ఎవరైనా పట్టు కోసం తాడును చేతికి చుట్టుకున్నారంటే విజిల్ ఆగకుండా మోగేది. "తాడును నువ్వు పట్టుకోవాలె. తాడు నిన్ను పట్టుకోవద్దు," అనేవారు. ఒకసారి రెండు జట్లూ సిద్ధంగా నిలబడ్డాక, మేడం వచ్చి బిగిసిన తాడు మీద కుడిచెయ్యి ఆనించారు. దాన్ని వింటున్నట్టు తల వంచారు.

"ఇటు దిక్కు ఒకరు ఎక్కువున్నరు," అన్నారు.

లెక్కపెట్టాం. రెండువైపులా సమానమే. మేడం ఆ జట్టు చివర, ఆఖరి పిల్ల వెనక ఉన్న ఖాళీ జాగాను కాసేపు చూశారు. తర్వాత విజిల్ ఊదారు. ఆ రోజు ఆ జట్టే గెలిచింది. పిల్లలం, గెలిచినవాళ్లు గెలిచిన సంబరంలో, ఓడినవాళ్లు ఓడిన ఉక్రోషంలో ఆ మాట మరిచిపోయాం.

నేను పెద్దయ్యాను, పెళ్లయింది. మా ఆయన బోటు నడపడంలో చెయ్యి తిరిగిన మనిషి. అడవి అంచున ఉన్న ప్రాజెక్టు నీళ్ల మీద ఒక బోటు కిరాయికి తీసుకుని, సెలవు రోజుల్లో వచ్చేవాళ్లకు వాటర్ స్కీయింగ్ నేర్పడం మొదలుపెట్టాం. కాళ్లకు పలకలు కట్టుకుని, బోటుకు కట్టిన తాడు పిడి పట్టుకుని నీళ్ల మీద జారుతూ వెళ్లే ఆట అది. ఆయన ముందుకు చూస్తూ నడుపుతాడు. నేను వెనక్కి తిరిగి కూర్చుని తాడు చివరనున్న మనిషిని కనిపెట్టుకుని ఉంటాను.

రిటైరైన తర్వాత మేడం ఒకరోజు మమ్మల్ని చూడటానికి వచ్చారు. గట్టు మీద నిలబడి పొద్దంతా చూశారు. మనుషులను కాదు, తాడునే చూశారు. వెళ్లేముందు, "నేను గూడ నేర్చుకుంట," అన్నారు.

అరవై దాటిన మనిషి. మేం వద్దన్నాం. ఆమె వినే రకమా! బడిలో మమ్మల్ని ఎలా పరుగెత్తించారో తనను తాను అలాగే పరుగెత్తించుకున్నారు. పడ్డారు, నీళ్లు మింగారు, లేచారు. ఒకరోజు నిజంగానే నీళ్ల మీద నిటారుగా నిలబడ్డారు. కానీ ఎంతోసేపు సాగేది కాదు. మా దగ్గరున్న పిడి లావు. మూడు వేళ్ల కుడిచెయ్యి దాని మీంచి జారిపోయేది.

ఒడ్డుకు వచ్చి ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. "ఉన్న వేళ్లు మంచిగనే ఉన్నయే. లేనియ్యే గుంజుతున్నయి. నీళ్లల్ల దిగంగనే ఎవరో పట్టుకున్నట్టయితది," అన్నారు ఒకసారి.

కొలతలిస్తే స్కీ తాళ్లు చేసి పంపే పెద్దమనిషి ఒకాయన కాకినాడలో ఉన్నాడని తెలిసి ఫోన్ చేశాం. స్పీకర్ పెట్టి, గట్టు మీద తునికి చెట్టు కింద ముగ్గురం చుట్టూ కూర్చున్నాం.

"తాడు కొంచెం సాగేది ఇస్తానండి," అన్నాడాయన. "అసలు సాగకపోతే బోటు లాగిన కుదుపంతా మీ భుజం మీదే పడతాదండి. మరీ సాగితే, వదిలినప్పుడు రబ్బరులా ఎగిరొచ్చి పడవలోవాళ్లకి కొడతాదండి. రెండిటికీ మధ్యస్తంగా ఉండాలి."

"నీళ్ల మీద తేలాలె. మునిగే తాడు నాకొద్దు," అన్నారు మేడం.

"తేలేదేనమ్మా. రంగు?"

"పసుపు. బురద నీళ్లల్ల గూడ కనపడాలె."

పిడి దగ్గరకు వచ్చేసరికి ఆయన చాలా ఓపిగ్గా అడిగాడు. చెయ్యి మూస్తే వేళ్ల కొసలు ఇంచుమించు అరచేతికి తగలాలట, అంతకంటే లావైతే ముంజేతులు త్వరగా అలిసిపోతాయట. మేడం కుడిచేతి సంగతి చెప్పారు. అయితే అటువైపు సన్నం చేసి మెత్తటి రబ్బరు తొడుగుతానని, "పట్టు చాలదనుకుంటే మణికట్టుకి చుట్టుకునే పట్టీ ఒకటి కుట్టి పెడతానండి," అని అన్నాడు.

"వద్దు!" మేడం గొంతు గ్రౌండులో విజిల్ మోగినట్టు మోగింది. "చేతికి చుట్టుకునేది ఏదీ వద్దు. వదలాలనుకుంటే వదిలేటట్టు ఉండాలె."

ఆయన సరేనన్నాడు. అంతా అయిపోయింది, ఫోన్ పెట్టేయబోతున్నాను. మేడం నా చెయ్యి పట్టి ఆపారు.

"ఇంకో తాడు గూడ కావాలె. పొడుగు గంతే. పిడి మాత్రం చిన్నది, బాగ సన్నది. ఆడపిల్ల చెయ్యి."

"పాపకి ఎన్నేళ్లమ్మా?"

"పదకొండు."

నేనూ మా ఆయనా ముఖాలు చూసుకున్నాం. మేడం పెళ్లి చేసుకోలేదు. అన్నగారి పిల్లలు ఉద్యోగాలు చేసుకుంటున్న వయసువాళ్లు. ఆ ఇంట్లో పదకొండేళ్ల పిల్ల లేదు.

ఫోన్ పెట్టేశాక ఆమే చెప్పారు. మేడం ఇంటర్ చదివే రోజుల్లో వాళ్ల ఊరు గోదావరి ఒడ్డున, పల్లంలో ఉండేది. వరద వచ్చిన రోజు ఇంట్లోవాళ్లంతా పక్కవాళ్ల డాబా ఎక్కారు. పదకొండేళ్ల చెల్లెలు మాత్రం లేగదూడను విప్పడానికి పోయి, వీధికి అవతల కొట్టం కప్పు మీద చిక్కుకుపోయింది. మధ్యలో వీధంతా ఏరై పారుతోంది. మేడం మోకు విసిరారు. చెల్లెలు అందుకుంది. తడి మోకు చేతిలో నిలవకపోతే మేడం దాన్ని వేళ్లకు చుట్టుకుని లాగడం మొదలుపెట్టారు. పిల్ల సగం దూరం వచ్చింది. అంతలో వరదలో కొట్టుకొచ్చిన దుంగ ఒకటి ఆ మోకుకు తగిలింది.

"తాడు తెగలే. పిల్ల వదల్లే. నా వేళ్లే తెగినయి," అన్నారు మేడం. "తాడుతోని పాటు పోయింది. దొరకలే."

"మీరు వదల్లేదు కదా మేడం. వేళ్లు తెగితే మీరేం చేస్తారు?" అన్నాను.

"వేళ్లు నావి గావా?" అన్నారు. అంతే. ఆ తర్వాత లేచి వెళ్లి బూట్లలో ఇసుక దులుపుకున్నారు.

తాళ్లు బస్సు పార్సిల్‌లో వచ్చాయి. మేడం రెండింటినీ వరండాలో పొడవుగా పరిచి, చివరి నుంచి చివరి దాకా అరచేతిలో జారనిచ్చి చూశారు. తన పిడిని పట్టుకుని, అవతలి కొసను నన్ను విసురుగా లాగమన్నారు. చెయ్యి జారలేదు. "గిది నా చెయ్యి తెలిసినోడు చేసిండు," అని సంతోషపడ్డారు. చిన్న పిడిని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

చలికాలం పోతూపోతూ ఉన్న రోజులవి. పొద్దెక్కినా మంచు విడవలేదు. అవతలి ఒడ్డు కనబడటం లేదు గానీ అక్కడి టేకు చెట్లలో నెమళ్లు అరుస్తున్నాయి. మేడం రెండు తాళ్లూ బోటు మధ్యలో తాడు కట్టే స్తంభానికి తగిలించమన్నారు. మా ఆయన ఒప్పుకోలేదు.

"ఉత్త హ్యాండిల్ ఎనక ఎగురుకుంట వస్తది మేడం. మీ తలకు తాకితే ఏంది గతి? లేకుంటే తాళ్లు రెండు మెలికెలు పడతయి."

"అది ఎగరదు అల్లుడూ. ఎగిరితే ఆపెయ్యి. మళ్ల అడగ."

ఆయన నావైపు చూశాడు. నేను తల ఊపాను. ఇవాళ్టికీ ఎందుకు ఊపానో తెలియదు.

బోటు కదిలింది. మేడం నీళ్లలోంచి పైకి లేచారు. కొత్త పిడి ఆ చేతిలో ఒదిగిపోయింది. మొదటిసారి ఆమె భుజాలు బిగుసుకుపోకుండా తేలిగ్గా ఉండటం చూశాను. ఆ తర్వాత రెండో తాడు వైపు చూశాను.

చాలా ఏళ్లుగా వెనక్కి తిరిగి కూర్చునే పని నాది. మనిషి వదిలేసిన పిడి ఎలా ఉంటుందో నాకు తెలుసు. కప్పలా గంతులేస్తుంది, నీళ్లను కొడుతుంది, పల్టీలు కొడుతుంది. ఆ పిడి గంతు వేయలేదు. మేడం పక్కన, మేడం నడుమంత ఎత్తున, నీళ్లకు తగలకుండా వస్తోంది. తాడు బిగిసి ఉంది. ఎంత బిగువంటే, దాని మీది తడి చిన్న చిన్న చినుకులై రాలుతోంది.

మా ఆయన వెనక్కి తిరగకుండానే అరిచాడు. "ఇద్దరెక్కిన్రా?"

"ఒక్కరే," అన్నాను.

"మరి గింత బరువేంది? ఇంజను గుంజలేక పోతాంది!"

మలుపు దగ్గర మేడం బయటికి ఒరిగారు. రెండో తాడు కూడా ఒరిగింది, ఆమె కంటే ఒక్క క్షణం ఆలస్యంగా, పక్కవాళ్లను చూసి నేర్చుకునే పిల్లలా. మేడం ముఖం అటు తిప్పి ఏదో చెబుతున్నారు. ఇంజను హోరులో మాట వినబడలేదు. కానీ ఆ వాలకం నాకు తెలుసు. మోకాళ్లు వంచు, చేతులు చాచు, బెదరకు. మాకు చెప్పినట్టే చెబుతున్నారు. మంచు మా మధ్యకు వచ్చి పోతోంది. అది కమ్మినప్పుడల్లా నాకు కనబడేవి రెండు పసుపు గీతలే.

అప్పుడు మేడం చెయ్యెత్తి ఆపమని సైగ చేశారు. తన పిడి వదిలి మెల్లగా నీళ్లలోకి దిగిపోయారు. ఆ పిడి ఎప్పటిలాగే ఎగిరి పడింది. రెండోది ఎగరలేదు. ఇంకాసేపు మాతో వచ్చింది. బోటు నెమ్మదిస్తుండగా, ఎవరో జాగ్రత్తగా కింద పెట్టినట్టు, నీళ్ల మీద చప్పుడు లేకుండా ఆనింది. తాడు అప్పుడు వదులైంది.

బోటు తిప్పి మేడం దగ్గరకు వెళ్లాం. లైఫ్ జాకెట్‌తో తేలుతూ ఉన్నారు. ఏడుస్తున్నారో, అవి నీళ్లో తెలియదు.

"చూసినవానే?" అని అడిగారు నన్ను. "అదే వదిలింది. ఎవరు గుంజలే. దాని ఇష్టంతోని అదే వదిలింది."

"అవ్ మేడం," అన్నాను. మా ఆయన ఇంజను ఆపేసి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, ముందుకే చూస్తూ కూర్చున్నాడు. బోటు కదిలాక ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఇప్పటికీ ఆ విషయం ఇంట్లో మాట్లాడనివ్వడు.

ఆ తర్వాత కూడా మేడం వచ్చేవారు. స్కీ మళ్లీ కట్టలేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు గట్టు మీద నుంచి కేకలు వేసేవారు, జామకాయలు తెచ్చి పంచేవారు. చెయ్యి ఎలా ఉందని అడిగితే, "నిమ్మళంగ ఉందే. ఏ వేలూ గుంజుతలేదు," అనేవారు. నిమ్మళం అనే మాటను అంత తృప్తిగా పలికిన మనిషిని నేను మరొకరిని చూడలేదు. నాకు ఓడిపోవడం, పడి లేవడం నేర్పింది ఆమే. పట్టుకున్నదాన్ని ఎప్పుడు వదలాలో కూడా ఆమె దగ్గరే చూశాను. చెప్పి నేర్పినది కాదు అది.

మూడోనాడు అస్థికలు కలపడానికి గోదావరికి వెళ్లాం. ఎగువన వానలు పడి నీళ్లు ఎర్రగా, వడిగా ఉన్నాయి. అన్నయ్యగారు మోకాటి లోతు దాకా దిగి, అస్థికలు కలిపి, ఖాళీ కుండను నీళ్ల మీద వదిలారు. కుండ ఒక చుట్టు తిరిగింది. మునిగిపోతుందనుకున్నాం. మునగలేదు. నురగా, చెత్తా, ఒక అరటి బోదె అన్నీ మా ముందు నుంచే దిగువకు కొట్టుకుపోతున్నాయి. కుండ మాత్రం ఏటికి అడ్డంగా, తొందర లేకుండా, అవతలి ఒడ్డు వైపు సాగింది. అన్నయ్యగారు నీళ్లలోంచి బయటికి రాలేదు. అది చుక్కంతై, ఎండ మెరుపులో కలిసిపోయేదాకా, దారి తెలిసినవాళ్లను సాగనంపుతున్నట్టు చెయ్యి ఊపుతూనే ఉన్నారు.