ఏడు బూరెలు, ఒక తడిసిన గోనెపట్టా

రిటైర్మెంటుకి ఇంకా మూడేళ్ళుందనగా, జూన్ నెల బదిలీల్లో నన్ను ఏలూరు వేశారు. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా అది నా ఆఖరి పోస్టింగ్. తాడేపల్లిగూడెంలో సొంత ఇల్లుండడంతో రోజూ రైల్లో వెళ్ళి వచ్చేవాణ్ణి. ఏలూరు బజారు, దెందులూరు నుంచి గుండుగొలను దాకా హైవే పక్కనున్న రైసుమిల్లులు, కొల్లేటి గట్ల మీద చేపల ప్యాకింగ్ షెడ్లు నా పరిధిలోకి వచ్చేవి.

మా పని తెలియనివారి కోసం రెండు మాటలు. వ్యాపారంలో వాడే ప్రతి ఎలక్ట్రానిక్ కాటానీ ఏడాదికోసారి పరీక్షించి, సరిగ్గా ఉంటే సీసపు సీలు బిగించి ముద్ర కొడతాం. మధ్యలో చెప్పకుండా వెళ్ళి తనిఖీ చేస్తాం. తేడా వస్తే రిజెక్షన్ నోటీసు రాస్తాం. మెకానిక్ బాగుచేసి మళ్ళీ ముద్ర వేయించేదాకా ఆ కాటా మీద చేప కాదు, చీమను కూడా తూచడానికి వీల్లేదు. అలా ముప్ఫై ఏళ్ళు ఊరందరి తూకాలూ నేను అడిగాను. నా తూకం మాత్రం ఎవరూ అడగలేదు.

ఏలూరులో చేరిన వారానికే అడిగారు. కూరగాయల మార్కెట్లో వంకాయలమ్మే ఒక పెద్దావిడ తన కాటాకి ముద్ర పడేదాకా ఓపిగ్గా నిలబడి, నన్ను పైనుంచి కిందికి చూసి, "అందరి కాటాలకీ తమరు ముద్దరేస్తారు గదండీ, మరి తమరికెవరేస్తారండీ?" అంది. మార్కెట్టంతా నవ్వింది. నా సహాయకుడు సత్తిబాబు, ఇరవై కిలోల ఇనప రాళ్ళు జీపులోంచి దింపి మోసేవాడు, రాయి కింద పెట్టి మరీ నవ్వాడు. అప్పటికి నేను తొంభై ఒక్క కిలోలు. అంటే సత్తిబాబు లెక్కలో నాలుగున్నర రాళ్ళు.

ఆ నవ్వుకి డాక్టరుగారి చీటీ తోడైంది. షుగరుకి మాత్ర మొదలుపెట్టి, బరువు తగ్గితే ఆపొచ్చన్నారు. అన్నం కప్పుతో కొలుచుకుని తినమన్నారు. కొలతల ఆఫీసరునైనందుకు ఆ పనైనా చేతనవుతుందనుకున్నాను, అయింది. పొద్దున్నే స్టేషనుకి నడక, మధ్యాహ్నం క్యారియర్‌లో కప్పుడన్నం, కూర, మజ్జిగ, రాత్రి రెండు పుల్కాలు. పది నెలల్లో డెబ్బై ఐదుకి దిగాను. డాక్టరుగారు మాత్ర ఆపేసి, "మళ్ళీ పెరిగారో, మళ్ళీ మాత్రే" అన్నారు.

తగ్గడం తేలికేనండి. తగ్గినదాన్ని నిలబెట్టుకోవడంలోనే నా బుద్ధి గడ్డి తిన్నది. అప్పట్లో నాకు దొరికేది కూడా ఇంచుమించు గడ్డే.

ఆఫీసులో మా ప్రామాణిక రాళ్ళతో సరిచూసిన కాటా ఒకటి ఉండేది. రోజూ వెళ్ళగానే దాని మీద నిలబడేవాణ్ణి. తరవాత భోజనానికి ముందోసారి, భోజనమయ్యాక ఓసారి. ధాన్యానికి తేమ తరుగు తీసినట్టు బెల్టుకీ, కళ్ళజోడుకీ, ఫోనుకీ తరుగు తీసి పుస్తకంలో రాసుకునేవాణ్ణి. పెళ్ళిళ్ళకి వెళ్ళి అక్షింతలేసి వచ్చేసేవాణ్ణి. మా ఆవిడ రాజ్యం, "ఏవండీ, అలా బంతి దాకా వెళ్ళి బంతిలా వెనక్కి రావడమెందుకండీ, ఇంట్లోనే ఉండకపోయారా" అనేది.

చిక్కు మా చెల్లెలు సావిత్రి దగ్గర వచ్చింది. దాన్ని గుండుగొలను ఇచ్చాం. దీపావళి వెళ్ళిన రెండో రోజు, కార్తీకశుద్ధ విదియనాడు అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళ ఇంటికి వెళ్ళి వాళ్ళ చేతి వంట తినే ఆచారం ఉంది కదా, భగినీ హస్త భోజనమని. పెళ్ళయిన ఏటి నుంచి సావిత్రి ఒక్క విదియ కూడా తప్పనివ్వలేదు. నేను సన్నబడ్డ తరవాత వచ్చిన మొదటి విదియనాడు నా క్యారియర్ చేత్తో పట్టుకుని దాని ఇంటికి వెళ్ళాను. అరిటాకులో అది వడ్డించినవన్నీ చూసి, శాస్త్రానికి పులిహోర నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని, క్యారియర్ మూత తీశాను. సావిత్రి ఏమీ అనలేదు. అది అనకపోవడం ఎంత ప్రమాదమో చిన్నప్పటి నుంచీ తెలిసినవాణ్ణి, అప్పుడైనా తెలుసుకోవలసింది.

మరుసటేడు దీపావళినాడు నేనే ఫోన్ చేశాను. "ఈసారి నువ్వంత దూరం రానక్కర్లేదులే అన్నయ్యా," అంది తాపీగా. "నాలుగు మెతుకులేగా, కవర్లో పెట్టి పోస్టులో పంపిస్తాను. బరువు తక్కువ, స్టాంపు ఖర్చు కూడా కాదు."

ఫోన్ పెట్టేశాక రాజ్యం నా ముఖం చూసి, "అదింకా ఏడుస్తోంది, మీకు వినబడలేదంతే. పోయినేడు మీరొచ్చేశాక ఆ ఆకు ఎత్తడానికి కూడా చేతులు రాలేదట" అంది. అప్పటిదాకా అది వండిపెడుతుంటే నేను తింటున్నాననే అనుకున్నాను. ఏడాదికొక పూట దాని ఇంట్లో నేను అన్నగా కూర్చునే చోటు ఆ ఆకు ముందేనని తట్టలేదు. అటు చూస్తే చెల్లెలు, ఇటు చూస్తే షుగరు మాత్ర. రెంటినీ నిలుపుకోవాలి, ఎలాగో తెలియదు.

ఆ ఏడు విదియ ఆదివారం వచ్చింది. క్యారియర్ లేకుండా వెళ్ళాను. సావిత్రి నా ఖాళీ చేతులు చూసింది, గుమ్మంలోంచి పక్కకి తప్పుకుంది, అంతే. ఆకు వేశాక మాత్రం వెనకాముందూ చూడలేదు. కంద బచ్చలి ఆవపెట్టిన కూర, పనసపొట్టు, గుమ్మడికాయ దప్పళం, పులిహోర, పెరుగావడలు, ఆపైన బూరెలు. మా వైపు బూరెను ఊరికే తినరు. వేడిమీదుండగానే బొటనవేలితో నడుమ గుంట చేసి, ఆ గుంట నిండా నెయ్యి పోస్తారు. మొదటిది కొరికేసరికి లోపలి పూర్ణం, యాలకుల వాసన, మోచేతి దాకా నెయ్యి. రెండేళ్ళ తరవాత మళ్ళీ ఊరొచ్చినట్టయింది. మా బావగారు పక్క ఆకులోంచి లెక్కపెడుతూ, "బావగారూ, ఇది అయిదోది, పంచాయతీ మెంబరు సీటు వచ్చేసింది. ఏడైతే మెంబరు కాదు, ప్రెసిడెంటు" అన్నారు. ప్రెసిడెంటుగానే లేచాను. ఏడో బూరెకి నెయ్యి పోస్తూ సావిత్రి, "పోస్టులో పంపితే ఈ నెయ్యి దారిలోనే కారిపోయేది" అంది. అదీ దాని రాజీ పత్రం.

సోమవారం పొద్దున్న ఆఫీసు కాటా ఎక్కాను. డెబ్బై ఏడు కిలోలు, పైన మూడొందల గ్రాములు. దిగి, మళ్ళీ ఎక్కాను. బెల్టు తీశాను. ఫోను తీశాను. కాటా మీద ఇక తీయడానికి నేను తప్ప ఏమీ మిగల్లేదు. పది నెలల కష్టం ఒక్క పూటలో పోయిందని నిశ్చయించుకుని, నన్ను నేనే రిజెక్ట్ చేసుకున్నాను. ఆ రోజుకి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదని శిక్ష కూడా నేనే వేసుకున్నాను. సత్తిబాబు కాఫీ తెస్తే వద్దన్నాను. ఆ ఖాళీ కడుపుతోనే కొల్లేరు క్యాంపుకి బయల్దేరాం.

ఆకివీడు వైపు గట్టు మీద ఒక చిన్న ప్యాకింగ్ షెడ్డు. చెరువుల్లోంచి వచ్చిన చేపని ట్రేలలో ఐసు వేసి, తూచి, లారీకి ఎక్కిస్తారు. అక్కడ కాటా దగ్గర కూర్చునేది వెంకన్న అనే అరవై ఏళ్ళ మనిషి. ఆ చుట్టుపక్కల రైతులు, "వెంకన్న కాటా అయితే మేము చూడక్కర్లేదండి" అనేవారు. మూడొందల కిలోల ప్లాట్‌ఫారం కాటా. పది రాళ్ళు పెట్టించాను, రెండొందలు చూపించింది. తీసి మళ్ళీ పెట్టించాలి, ఒకే బరువుకి ఒకే జవాబు వస్తోందో లేదో చూడడానికి. రెండోసారి రెండొందల మీద ఆరొందల గ్రాములు. మూడోసారి కిలో పైన. నాలుగోసారి కిలోన్నరకి దగ్గర. ఆ స్థాయి కాటాకి ఆ బరువు దగ్గర అనుమతించిన తేడా, వాడకంలో ఉన్నప్పుడు, నూటయాభై గ్రాములు.

నాకు కళ్ళు తిరుగుతున్నాయి. పొద్దున్న నేను, ఇప్పుడు ఇది, అందరూ పెరుగుతున్నారనుకుని రిజెక్షన్ నోటీసు పుస్తకం తీశాను. షెడ్డు బయట రెండు ట్రాక్టర్ల చేప, ఐసు కరుగుతూ వేచి ఉంది. ఈ కాటా ఆగిపోతే ఆ సరుకంతా ఇంకొకడి కాటాకి పోతుంది. వెంకన్న మాట మీద రైతులు పెట్టుకున్న నమ్మకం కూడా ఆ రోజుతో పోతుంది. ఆయన లేచి నా దగ్గరకొచ్చి, నెమ్మదిగా, "ఆయ్, ఒక్క మాటండి. పట్టా తీయించలేదండి తమరు" అన్నాడు.

ట్రేలు జారకుండా ప్లాట్‌ఫారం మీద గోనెపట్టా పరుస్తారు. పరీక్షకి ముందు కాటా మీద ఏ గుడ్డా, పట్టా లేకుండా తీయించి, తుడిపించి, సున్నా సరిచూడాలి. ఇన్‌స్పెక్టరు ట్రైనింగులో మొదటి రోజు పాఠం అది. ముప్ఫై ఏళ్ళలో ఎన్నడూ మర్చిపోలేదు. ఆ రోజు మర్చిపోయాను. పక్కనే దొంతరగా పెట్టిన ఐసు ట్రేలలోంచి నీళ్ళు ఆ గోనె మీదికి కారుతున్నాయి. నేను రాళ్ళు దింపించి ఎక్కిస్తున్నంతసేపూ అది తాగుతూనే ఉంది.

సత్తిబాబు గోనె తీసి గట్టు మీద పిండాడు. బొళబొళమని నీళ్ళు. కాటా తుడిచి, సున్నా చేసి, రాళ్ళు పెడితే రెండొందలు. మళ్ళీ పెడితే మళ్ళీ రెండొందలు.

ముందే ఎందుకు చెప్పలేదని వెంకన్నని అడిగాను. "ఆఫీసరుగార్లు వస్తూనే ముందు అదే అంటారండి, పట్టా తియ్యమని. తమరు అనకపోతే ఇదేదో కొత్త పరీక్షేమో అనుకున్నానండి" అన్నాడు. తరవాత నా ముఖంలోకి చూసి, "పొద్దుటి నుంచీ ఏమన్నా తిన్నారాండీ?" అన్నాడు. కాటా దగ్గర ఎవరిచ్చినా కాఫీ కూడా తాగకూడదన్నది నా నియమం. అందుకని జీపు దగ్గరికి వెళ్ళాను. సత్తిబాబు అడగకుండానే తన క్యారియర్‌లో సగం నా ముందు పెట్టాడు. గోంగూర పచ్చడి, అన్నం. "నీళ్ళు తాగిన కాటాకేమో నోటీసు, నీళ్ళే తాగిన ఆఫీసరుగారికేమో నోటీసు లేదాండీ" అన్నాడు. మా ఎదురుగా గూడబాతులు నింపాదిగా చేపలు మింగుతున్నాయి. వాటి తూకం ఎవరూ అడగరు.

తింటూ ఉండగా తట్టింది, నేను పొద్దున్న కాటా ఎక్కింది కూడా పట్టా తీయకుండానేనని. సాయంత్రం డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఆయన చాలాసేపు నవ్వారు. ఉప్పు, పులుపు, అన్నం పడ్డ ఒళ్ళు నీళ్ళు పట్టి ఉంచుతుందనీ, తిన్నది ఇంకా కడుపులోనే ఉందనీ, మామూలు తిండికి వచ్చేస్తే నాలుగు రోజుల్లో దిగుతుందనీ చెప్పారు. "ఒక్క పూటలో రెండు కిలోల కొవ్వు పెట్టాలంటే మీ చెల్లెలుగారు ఏడు బూరెలు కాదండి, గంగాళం వండాలి. కానీ రోజూ విదియ చేసుకున్నారంటే మాత్రం నా దగ్గరికే వస్తారు" అన్నారు. ఉపవాసం మానేసి మర్నాటి నుంచి నా కప్పు, నా నడక. శుక్రవారానికి డెబ్బై ఐదు మీద రెండొందల గ్రాములు.

డాక్టరుగారితో మాట్లాడిన రాత్రే సావిత్రికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. అది, "అయితే వచ్చే విదియకి ఏడు ఖాయమేనా, ఎనిమిదా?" అంది. ఏడు ఖాయమన్నాను. పూర్తి ఏడాది ముందుగా ఇచ్చిన హామీ నా ఉద్యోగంలో అదొక్కటే.

ఇప్పుడు రిటైరై తాడేపల్లిగూడెంలో ఉన్నాను. సోమవారాలు మాత్రమే కాటా ఎక్కుతాను. నెలకొకటో రెండో పెళ్ళి బంతులు, కొల్లేరు వెళితే చేపల పులుసు, విదియనాడు ఏడు బూరెలు. ఇవి తప్ప తక్కిన పూటలన్నీ కప్పు కొలతే. డెబ్బై నాలుగుకీ డెబ్బై ఆరుకీ మధ్య తిరుగుతున్నాను. మాత్ర మళ్ళీ మొదలవలేదు.

ఆ ఎపిసోడ్ నాకు నేర్పింది మా రూల్సు పుస్తకంలో ముందు నుంచీ ఉన్నదే. ముద్ర వేసే రోజున కాటాకి ఎంత తేడా అనుమతిస్తామో, వాడకంలో ఉన్న కాటాకి తనిఖీలో దానికి రెట్టింపు అనుమతిస్తాం. ఎందుకంటే అది పనిచేస్తోంది కాబట్టి. ఆ రెట్టింపు కూడా దాటితేనే నోటీసు. అది కూడా ఒక్క రీడింగు చూసి రాయకూడదు. పట్టా తీయాలి, తుడవాలి, సున్నా చూడాలి, మళ్ళీ తూచాలి. ఇవన్నీ చేసే మనిషి ముందుగా ఏదైనా తిని ఉండాలి.