అచ్చమ్మను నేను పిలవలేదు

నిన్న పొద్దున మాచర్ల నుంచి ఫోన్ వచ్చింది.

"పెద్దమ్మా, అమ్మ పోయింది" అంది రమణమ్మ.

సరేనమ్మా అని ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న టీ మొత్తం తాగాను. గ్లాసు కింద పెట్టాక గానీ ఏం విన్నానో తెలియలేదు.

రమణమ్మ తల్లి అచ్చమ్మ నా స్నేహితురాలు. డెబ్బై ఏళ్ళు పైబడిన స్నేహం.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు లావణ్య తన ఫోన్‌లో టైప్ చేస్తోంది. మనవాళ్ళంతా చూసేలా పోస్ట్ చేయమన్నాను.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు నేను నకరికల్లు నుంచి మాచర్లకు కాపురానికి వచ్చాను. అప్పటికి నాకు పదహారేళ్ళు. మా ఆయన నాపరాళ్ళ క్వారీలో రాయి కొట్టేవాడు. నేను అక్కడే రాతిముక్కలు తట్టలో మోసేదాన్ని. అచ్చమ్మ కూడా అదే పని. నా ఈడుదే.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మాటలే. అత్తల మీద, వండిన పప్పు మీద, ఎవరి చీర ఎక్కడ చిరిగిందో దాని మీద. ఆ మాటల్లో పడితే తట్ట బరువు తెలిసేది కాదు.

అచ్చమ్మకు చిన్నప్పుడు జ్వరం వచ్చి చెవులు దెబ్బతిన్నాయి. ఎదుటి మనిషి పెదాలు చూసి మాట పట్టుకునేది. మేస్త్రీకి తెలిస్తే పనిలోంచి తీసేస్తాడని దాచింది. క్వారీలో ఆ సంగతి నా ఒక్కదానికే తెలుసు.

రాయి పేల్చడానికి మందు పెట్టినప్పుడు మేస్త్రీ కేకేసేవాడు. అందరం దూరంగా పరిగెత్తాలి. ఆ కేక విని అచ్చమ్మ భుజం తట్టడం నా వంతు.

ఒకరోజు అన్నాల దగ్గర, "మా కోటి ఇంకా వాళ్ళమ్మ కావాలని ఏడుస్తదే" అని నా గురించి అందరి ముందూ అనేసింది. ఆడవాళ్ళంతా నవ్వారు. తను వేళాకోళంగానే అంది. నాకు మాత్రం తలకొట్టేసినట్టయింది.

మాట్లాడటం మానేశాను.

"ఏందే కోటీ, అంత కోపమా?" అని వెంట తిరిగింది. మొహం తిప్పుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం మేస్త్రీ కేక వినపడింది. అందరం పరిగెత్తాం. కొంత దూరం పోయి వెనక్కి చూశాను. మట్టిగుట్ట చాటున, మేస్త్రీకి కనపడకుండా, అచ్చమ్మ అటు తిరిగి కూర్చుని తట్ట నింపుకుంటోంది.

వెళ్ళడానికి టైమ్ ఉంది.

ఎవరో ఒకరు పిలుస్తారులే అనుకున్నాను.

కాదు, అది అబద్ధం. కాస్త జడుసుకోనీ, అప్పుడు నా విలువ తెలుస్తుంది అనుకున్నాను.

ఇక్కడ లావణ్య టైపింగ్ ఆపింది. "నానమ్మా, ఇది రాయమంటావా?" అంది.

రాయమన్నాను.

మందు పేలింది. రాతి పెచ్చు ఎగిరొచ్చి అచ్చమ్మ కుడికంట్లో తగిలింది. రైలెక్కించి నరసరావుపేట తీసుకెళ్ళారు. కన్ను దక్కలేదు.

తనను ఇంటికి తీసుకొచ్చాక చూడటానికి వెళ్ళాను. కంటికి కట్టుంది. నన్ను చూడగానే లేచి కూర్చుంది.

"నీకేం తగల్లేదుగా?"

అదీ ఆమె అడిగిన మొదటి మాట.

"అందరూ పరిగెత్తతంటే నువ్వేం చేస్తన్నావే?" అని వాళ్ళత్త తిడుతోంది. "నాదే తప్పత్తా, పనిలో పడి చూసుకోలా" అంది అచ్చమ్మ. నేను నోరు విప్పలేదు.

క్వారీలో మళ్ళీ పనివ్వలేదు. సంతలో ఎండుమిరపకాయలు అమ్మి ముగ్గురు పిల్లల్ని పెంచింది. నా కాన్పులు రెండూ దగ్గరుండి చూసింది. మా ఆయన పోయినప్పుడు పదకొండు రోజులూ నా పక్కన కూర్చుంది.

ఎన్నిసార్లు చెబుదామనుకున్నానో. చెబితే ఈ మనిషి కూడా పోతుందని భయం.

తర్వాత నేను మాచర్ల వదిలి కొడుకు దగ్గరికి వచ్చేశాను. పోయిన నెల వీడియో కాల్‌లో చానాసేపు మాట్లాడుకున్నాం. ఉన్నట్టుండి ధైర్యం వచ్చింది. "ఆ రోజు నిన్ను చూసి కూడా పిలవలేదే అచ్చమ్మా" అన్నాను.

అన్నాను గానీ, అంటూ మొహం పక్కకు తిప్పుకున్నాను. పెదాలు కనపడకుండా.

"ఏందే? ఏమంటన్నావు?" అంది.

"ఏం లేదే. అన్నం తిన్నావా అంటన్నా."

"తిన్నా తిన్నా. చింతకాయ పచ్చడి" అని నవ్వింది.

అదే ఆఖరు మాట.

రమణమ్మా, ఇది నువ్వు చదువుతావని తెలిసే చెప్పాను. పెద్దకర్మకు రావద్దంటే రాను. తిడితే పడతాను. మీ అమ్మ తప్పు మాత్రం ఏమీ లేదని మీ ముగ్గురికీ తెలియాలి.

వెళ్ళిరా అచ్చమ్మా. నీకు శాంతి కలగాలి. నాకోసం అది అడగను.